ఇరవయ్యో నిమిషం స్కోరు కూడా ప్రచురించండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల పోటీ కంపెనీల స్మార్ట్‌ఫోన్లను పక్కపక్కన పెట్టి ఒక పట్టిక ప్రచురించారు. అందులో ఎనిమిది గడులుంటే అయిదింటిని ప్రాసెసర్ పేరు, దాని గిగాహెర్ట్జ్, కోర్ల (చిప్పు లోపల లెక్కలు చేసే విభాగాల) సంఖ్య, నానోమీటర్లు, బెంచ్‌మార్క్ (వేగాన్ని కొలిచే పరీక్ష) స్కోరు ఆక్రమించాయి. కెమెరా, బ్యాటరీ, ధర మిగిలిన మూడింటిలో సర్దుకున్నాయి. మూడు దశాబ్దాలకు పైగా పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చెప్పినవాణ్ని కాబట్టి చిప్పుల మీద ఒక తెలుగు పత్రిక చూపిన ఈ శ్రద్ధకు మొదట సంతోషించాను. కానీ అదే పట్టికను చేత పట్టుకొని మా వీధివాళ్లు ముగ్గురు వచ్చి "మాస్టారూ, వీటిలో ఏది తీసుకోమంటారు?" అని అడిగినప్పుడు, అందులోంచి వాళ్లకు పనికొచ్చే మాట ఒక్కటీ ఏరి చెప్పలేకపోయాను. ఈ ఉత్తరం రాయడానికి ఆ ఇబ్బందే కారణం.

మీరు వేసిన స్కోరు తప్పని నేను అనడం లేదు. గీక్‌బెంచ్ 6 అనే ఆ పరీక్ష 2023లో వచ్చింది. ఇంటెల్ కోర్ ఐ7-12700 అనే డెస్క్‌టాప్ ప్రాసెసర్ సాధించే ఫలితాన్ని 2,500గా ఖాయం చేసుకొని, మిగతా యంత్రాలన్నింటినీ ఆ రాయితో తూస్తుంది. ఒకే కోరు మీద నడిచే పనుల్లో ఏ17 ప్రో చిప్పున్న ఐఫోన్ 15 ప్రో 2,900 దరిదాపులకు, స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 ఉన్న గెలాక్సీ ఎస్24 అల్ట్రా 2,200 పైకి, డైమెన్సిటీ 6100 ప్లస్ ఉన్న గెలాక్సీ ఏ15 5జీ 700 చిల్లరకు చేరుతాయి. 8085 మైక్రోప్రాసెసర్ కిట్టు మీద రెండంకెల కూడిక చేయించి, ఎర్ర దీపాల్లో జవాబు వెలగగానే తరగతి మొత్తం చప్పట్లు కొట్టిన రోజులు చూసిన నాకు, జేబులో పట్టే వస్తువు బల్లమీది కంప్యూటర్ని దాటిపోవడం ఇప్పటికీ అబ్బురమే. ఐఫోన్ 15 ప్రో 2023లో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర 1,34,900 రూపాయలు. అదే ఏడాది చివర్లో వచ్చిన ఏ15 5జీ ధర 19,499 రూపాయలు. ధరలో తేడా ఏడు రెట్లు, స్కోరులో నాలుగు రెట్లు. పట్టిక చూసిన పాఠకుడు తన పనులన్నీ నాలుగు రెట్లు త్వరగా తెములుతాయని అనుకుంటే అతనిది తప్పెలా అవుతుంది?

నిజానికి ఏమవుతుందో మా ఖమ్మం మిర్చి యార్డు ఎదుటి టీ కొట్టు దగ్గర ఏ పొద్దున నిలబడినా కనిపిస్తుంది. లక్ష రూపాయల ఫోనున్న కమీషన్ వ్యాపారి, పది వేల ఫోనున్న రైతు ఒకే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, ఒకే విధంగా తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ, ఇంచుమించు ఒకేసారి టీ గ్లాసు అందుకుంటారు. కోడ్ చదవడం, పిన్ తీసుకోవడం వరకే ఫోను పని. ఆ తర్వాత ఆ చెల్లింపు కోరిక యాప్ వెనకనున్న బ్యాంకు నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి డబ్బు కట్టేవారి బ్యాంకుకు, తీసుకునేవారి బ్యాంకుకు వెళ్లి, అదే దారిన తిరిగి రావాలి. 2025 జూన్‌లో ఎన్‌పీసీఐ ఈ స్పందనకు ఇచ్చే గడువును 30 సెకన్ల నుంచి 15 సెకన్లకు తగ్గించింది. టీ కొట్టు దగ్గర నిరీక్షణను అలాంటి నిర్ణయం తగ్గించగలదు గానీ ఫోను లోపలి చిప్పు తగ్గించలేదు. ఇద్దరి ఫోన్లకూ తేడా వచ్చేది అంతకు ముందే, యాప్ తెరుచుకునేటప్పుడు. అక్కడ కూడా ప్రాసెసర్ కంటే స్టోరేజీ రకమే ఎక్కువ ప్రభావం చూపుతుంది. చౌక ఫోన్లలో ఇంకా కొన్నిటికి ఈఎంఎంసీ 5.1 అనే పాత రకం వాడుతున్నారు. కొత్తదైన యూఎఫ్ఎస్ రకంతో పోలిస్తే అది చాలా నెమ్మది, ఫోను నిండే కొద్దీ ఆ నెమ్మది మరింత తెలిసివస్తుంది. "సార్, ఫోను హ్యాంగవుతోంది" అని నా దగ్గరకు వచ్చే ఫోన్లలో నేను ముందు చూసేది ఇదే. మీ పట్టికలో స్టోరేజీకి గడే లేదు, ఇక అది ఏ రకమో తెలిసేదెలా?

ఇక అసలు విషయానికి వస్తాను. బెంచ్‌మార్క్ పరీక్ష కొద్ది నిమిషాల్లో, ఎక్కువసార్లు చల్లని గదిలో ముగుస్తుంది. మామూలు ఫోనులో ఫ్యాను ఉండదు. చిప్పు పుట్టించే వేడి అరచేతిలోకో గాలిలోకో పోవాలి. పోకపోతే చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, తెర వెలుగు తగ్గుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది. ఇది యంత్రం తనను తాను కాపాడుకునే పద్ధతి, ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ఆపిల్ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడాలని స్వయంగా రాసుకుంది. శాంసంగ్ కూడా 35 డిగ్రీల హద్దునే చెబుతుంది. ఖమ్మం, రామగుండం, రెంటచింతల ప్రజలకు మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పూట 35 డిగ్రీలు అంటే చల్లని రోజు. అంటే కంపెనీలు తమ ఫోను హాయిగా పని చేస్తుందని చెప్పే వాతావరణంలో మనం ఏడాదిలో దాదాపు పావు వంతు కాలం పగటిపూట ఉండనే ఉండం. అలాంటప్పుడు చల్లని గదిలో మొదటి నిమిషం కొలిచిన స్కోరును మన పాఠకుడికి ఏ అర్థంలో అందిస్తున్నాం?

దీన్ని కొలిచే పరీక్ష లేదా అంటే ఉంది. 3డీమార్క్ వారి స్ట్రెస్ టెస్ట్ ఒకే బొమ్మల వరుసను ఇరవై సార్లు, ఇరవై నిమిషాల పాటు ఆపకుండా నడిపించి, అన్నిటికన్నా తక్కువ స్కోరు అన్నిటికన్నా ఎక్కువ స్కోరులో ఎంత శాతమో చెబుతుంది. గత మే నెలలో మా అల్లుడు సెలవులకు వచ్చినప్పుడు అతని ఖరీదైన ఫోనును, నా మధ్యరకం ఫోనును వసారాలో బల్ల మీద పెట్టి ఈ పరీక్ష నడిపించాను. కంపెనీల పేర్లు ఇక్కడ అనవసరం. గోడ మీది థర్మామీటరు 41 చూపుతోంది. పదో రౌండు దాటేసరికి ఖరీదైన ఫోను తెర మసకబారింది. చివరి రౌండుకి దాని స్కోరు మొదటి దానిలో సగానికి కాస్త పైన నిలిచింది. నా ఫోను మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా నడిచింది, తగ్గించుకోవడానికి దానికి అసలు వేగమంటూ ఉంటే కదా. అప్పటికీ తన ఫోనే నా ఫోను కంటే ముందుందని అల్లుడు గుర్తు చేయకుండా ఊరుకోలేదు, అది నిజం కూడా. రెండు ఫోన్లతో ఒక్క మధ్యాహ్నం చేసిన పనిని శాస్త్రమని నేను అనను. కానీ పట్టికలో కనిపించిన తేడాకూ వసారాలో మిగిలిన తేడాకూ మధ్య ఎంత దూరముందో అది నాకు చూపింది.

వేడికి తోడు ఇంకొకటి ఉంది. పరీక్ష జరుగుతోందని ఫోనుకు తెలిస్తే అది వేరేలా ప్రవర్తించిన సందర్భాలు ఉన్నాయి. 2013లో గెలాక్సీ ఎస్4 ఒక రకంలో గ్రాఫిక్స్ చిప్పు కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లలో 532 మెగాహెర్ట్జ్ వద్ద నడుస్తూ మామూలు ఆటల్లో 480 దగ్గరే ఆగుతోందని పరీక్షకులు బయటపెట్టారు. 2021లో వన్‌ప్లస్ 9 ఫోన్లు క్రోమ్ వంటి రోజువారీ యాప్‌ల వేగాన్ని తగ్గించి బెంచ్‌మార్క్‌ల జోలికి మాత్రం పోవడం లేదని తేలినప్పుడు గీక్‌బెంచ్ వారు ఆ ఫోన్లను తమ జాబితా నుంచి తొలగించారు. 2022 మార్చిలో మళ్లీ శాంసంగ్ వంతు వచ్చింది: గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ వేల యాప్‌ల వేగాన్ని అదుపు చేస్తూ బెంచ్‌మార్క్‌లను వదిలేస్తోందని కొరియాలోని వినియోగదారులే కనిపెట్టారు, ఎస్10 నుంచి ఎస్22 దాకా నాలుగు తరాల ఫోన్లను గీక్‌బెంచ్ వారు తమ జాబితా నుంచి తొలగించారు. వేగాన్ని అదుపు చేయడం వల్ల బ్యాటరీ మిగులుతుందన్న కంపెనీల వాదనలో నిజముంది. నా అభ్యంతరమల్లా పరీక్ష గదిలో ఒక రూపం, పరీక్ష బయట మరో రూపం చూపడం మీదే. ఇన్విజిలేటర్‌గా ఎన్నో ఏళ్లు తిరిగినవాడికి ఆ తేడా తెలుస్తుంది.

పేర్ల విషయంలోనూ మీ పట్టిక మరికొంత జాగ్రత్త పడవలసింది. 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 అమెరికాలో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3తో వచ్చింది. మన దేశంలో అప్పట్లో అమ్మింది శాంసంగ్ సొంత చిప్పు ఎక్సినోస్ 2400తో. అల్ట్రాకు మాత్రమే ఇక్కడ కూడా స్నాప్‌డ్రాగన్ ఇచ్చారు. అమెరికా సమీక్షల అంకెలు తెచ్చి ఇక్కడ అచ్చేస్తే, పాఠకుడు ఒక ఫోను గురించి చదివి ఇంకో ఫోను కొంటాడు. స్నాప్‌డ్రాగన్ 7 జెన్ 3 అనే చిప్పు 2023 నవంబరులో వచ్చినా, అదే ఏడాది మార్చిలో వచ్చిన 7 ప్లస్ జెన్ 2 కంటే నెమ్మది. అంకె పెరిగితే వేగం పెరిగిందనుకునే అమాయకుడికి ఈ పేర్లు పెట్టినవాళ్లే సమాధానం చెప్పాలి. 4 నానోమీటర్లు, 3 నానోమీటర్లు అనేవి కూడా నేడు తయారీ తరానికి పెట్టిన పేర్లే, చిప్పు లోపల స్కేలు పెట్టి కొలిస్తే ఆ పొడవు ఎక్కడా దొరకదు.

వీటన్నిటినీ మించిన మాయ ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు ఫోను వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం) దగ్గర జరుగుతోంది. పోయిన దసరాకు మా పక్కింటి అమ్మాయికి ఫోను కొనడానికి తోడుగా వెళ్తే, దుకాణంలో కుర్రాడు "పదహారు జీబీ ర్యామ్ అంకుల్, ఈ రేటుకి ఇంకెక్కడా రాదు" అన్నాడు. పెట్టె తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో 8+8 అని ఉంది. ఆ రెండో ఎనిమిది ర్యామ్ కానే కాదు. స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్న చోటు. నిజమైన ర్యామ్‌తో పోలిస్తే దాని వేగం ఎన్నో రెట్లు తక్కువ, పైగా ఆ మేరకు ఫొటోలు దాచుకునే చోటు తరిగిపోతుంది. కుర్రాడిని తప్పు పట్టలేదు, అతనికి నేర్పిన మాట అతను చెప్పాడు. పత్రికల్లో వచ్చే పట్టికలైనా అసలు ర్యామ్‌ను, అరువు ర్యామ్‌ను కూడిక గుర్తు తీసేసి వేరువేరుగా చూపవచ్చు కదా.

ఇంత రాశాక, చిప్పు శక్తి దండగని నేను అంటున్నట్టు మీకు తోచవచ్చు. అలా అనుకోవద్దని మనవి. ఫోనులో వీడియో ఎడిట్ చేసే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు, గంటల కొద్దీ ఆటలాడే పిల్లలకు, చీకట్లో తీసే ఫొటో ఒకటికి ఎన్నో ఫ్రేములు తీసి కలపవలసిన కెమెరాకు ఆ శక్తి వెంటనే అక్కరకొస్తుంది. మిగతా వాళ్లకు అది అయిదో ఏట పనికొస్తుంది, ఈ సంగతి సమీక్షల్లో అరుదుగా కనిపిస్తుంది. 2018లో ఏ12 చిప్పుతో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఆర్ 2024 నాటి ఐఓఎస్ 18ని కూడా నడిపించింది. ఆండ్రాయిడ్ వైపు గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024 జనవరిలో ఎస్24తో ఏడేళ్ల అప్‌డేట్లు మాట ఇచ్చాయి. విశేషమేమిటంటే ముందు చెప్పిన ఏ15 వంటి ఫోనుకు కూడా శాంసంగ్ అయిదేళ్ల భద్రతా అప్‌డేట్లు ప్రకటించింది. బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్ మీద నడవడం మానేసినప్పుడే చాలామంది ఫోను మారుస్తారు గనుక, పింఛనుదారుడికి ఈ అంకె గిగాహెర్ట్జ్ కంటే ముఖ్యం. పాత చిప్పు ఎంత బలమైనదైనా బ్యాటరీ ముసలిదైతే ఏమవుతుందో 2017 డిసెంబరులో లోకమంతా చూసింది. అరిగిన బ్యాటరీలున్న ఐఫోన్ 6, 6ఎస్ వంటి ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగాన్ని తానే తగ్గించానని ఆపిల్ ఒప్పుకొని, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించి, ఆ తర్వాత అమెరికాలో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీకి వచ్చింది. ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్న కంపెనీని "నాలుగో ఏట బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, మా జిల్లాలో ఎక్కడ మారుస్తారు?" అని పత్రిక తరఫున మీరు అడగవచ్చు.

తెలుగు పత్రిక కాబట్టి తెలుగు గురించి ఒక మాట. 2018 ఫిబ్రవరిలో, ఏ11 బయోనిక్ చిప్పుతో తిరుగులేని వేగమని పేరు తెచ్చుకున్న ఐఫోన్ ఎక్స్‌తో సహా ఎన్నో ఐఫోన్లలో, కంటికి కనపడని ఒక విడదీత గుర్తుతో కూడిన "జ్ఞా" అక్షరం సందేశంగా వస్తే చాలు ఆ యాప్ కుప్పకూలిపోయేది. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా ఆ బెడద తీరలేదు. అంత ప్రాసెసర్‌కూ మన జ్ఞానం కొరుకుడు పడలేదని అప్పట్లో స్టాఫ్ రూములో నవ్వుకున్నాం. ఆరేళ్ల తర్వాత ఎస్24తో వచ్చిన లైవ్ ట్రాన్స్‌లేట్ ఫోన్ కాల్‌ను అప్పటికప్పుడు అనువదిస్తుందని గొప్పగా ప్రకటించారు. మొదట ఇచ్చిన 13 భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. కృత్రిమ మేధ కోసం చిప్పులో ప్రత్యేకంగా చెక్కిన భాగానికి కూడా మనం పూర్తి ధరే చెల్లిస్తాం, కానీ అది మన మాట వినదు. మీ పట్టికలో తెలుగు టైపింగ్, తెలుగు మాటను రాతగా మార్చడం, తెలుగు అనువాదం ఏ ఫోనులో ఎలా ఉన్నాయో ఒక గడి పెడితే, ఆ పని ఇంగ్లిష్ వెబ్‌సైట్లేవీ చేయవు గనుక, అది మీ పత్రికకే దక్కుతుంది.

నెట్‌వర్క్ విషయం క్లుప్తంగా చెబుతాను. 2024 నవంబరులో పది వేల లోపు ధరకు వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ స్టాండలోన్ (4జీ ఆసరా లేకుండా నడిచే) రకం 5జీనే పట్టుకుంటుంది. అందువల్ల అప్పట్లో జియోలో 5జీ వచ్చింది, ఎయిర్‌టెల్‌లో 4జీతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చే ఐఫోన్లు 14వ తరం నుంచి సిమ్ ట్రే లేకుండా వస్తున్నాయి; ఈసిమ్ (విడిగా చేతికి రాకుండా ఫోను లోపలే ఉండే సిమ్) ఎలా వేయించుకోవాలో తెలియక ఆ కానుకను బీరువాలో పెట్టుకున్న పెద్దవాళ్లు మా కాలనీలోనే ఇద్దరున్నారు. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన ఫోను చిప్పుల్లో ఒకటి ఆ బీరువాలో ఉంది.

ఫ్రిజ్ కొనడానికి వెళ్లిన ఇల్లాలికి కంప్రెసర్ లోపలి సంగతులు తెలియనక్కర్లేదు, తలుపు మీద కరెంటు పొదుపును చెప్పే బీఈఈ నక్షత్రాలు చూసుకుంటే చాలు. ఫోన్లకు అలాంటి చీటీని యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి తప్పనిసరి చేసింది. ఒక ఛార్జింగ్‌తో ఎన్ని గంటలు నడుస్తుంది, బ్యాటరీ ఎన్ని సార్లు నింపుకునే దాకా నిలుస్తుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, మరమ్మతుకు ఎంత వీలు అన్న సంగతులు ఆ చీటీ మీద ఉంటాయి. ప్రాసెసర్ స్కోరుకు అందులో చోటే ఇవ్వలేదు. మన దేశంలో కూడా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025 మేలో మరమ్మతు సూచీ మీద నివేదిక ఇచ్చింది. అది పెట్టెల మీదికి ఎక్కేదాకా ఆ పనిలో కొంతైనా పత్రికలు చేయవచ్చు. బెంచ్‌మార్క్ స్కోరు పక్కన ఇరవయ్యో నిమిషం స్కోరు, అది కొలిచిన గది ఉష్ణోగ్రత, స్టోరేజీ రకం, అసలు ర్యామ్, అప్‌డేట్లు ఆగే సంవత్సరం, బ్యాటరీ మార్పిడి ఖర్చు, తెలుగు గడి ఇస్తే, నానోమీటర్ల గడి తీసేసినా మా వీధివాళ్లెవరూ ఫిర్యాదు చేయరని హామీ ఇస్తాను.

వచ్చే వేసవిలో మీ సాంకేతిక విభాగం వారు ఫోన్లు పట్టుకొని ఖమ్మం రాదలిస్తే మా వసారా, ఆ బల్ల, గోడ మీది థర్మామీటరు సిద్ధంగా ఉంటాయి. మధ్యాహ్నం రెండు గంటలకు రావలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
ఖమ్మం